సరిహద్దులో తూటాల లెక్క: కాల్పుల విరమణ ఉల్లంఘనను ఎవరు, ఎలా రాసిపెడుతున్నారు?

2021 ఫిబ్రవరిలో లోక్‌సభలో అడిగిన ఒక ప్రశ్నకు అప్పటి హోంశాఖ సహాయ మంత్రి, సికింద్రాబాద్ ఎంపీ జి. కిషన్ రెడ్డి జవాబిస్తూ ఒక లెక్క చెప్పారు. 2018, 2019, 2020 మూడేళ్లలో జమ్మూకశ్మీర్‌లో అంతర్జాతీయ సరిహద్దు వెంట, నియంత్రణ రేఖ వెంట కలిపి పాకిస్తాన్ వైపు నుంచి 10,752 సార్లు కాల్పుల విరమణ ఉల్లంఘన జరిగిందని, అందులో 72 మంది భద్రతా సిబ్బంది, 70 మంది పౌరులు చనిపోయారని చెప్పారు. అంత పెద్ద అంకె కాబట్టి మర్నాడు అన్ని పేపర్లలో హెడ్డింగు అయింది, టీవీ చర్చల్లో తిరిగింది, ఇప్పటికీ ఎక్కడో ఒకచోట ఎవరో ఒకరు వాడుతూనే ఉంటారు. కానీ ఆ 10,752లో "ఒకటి" అంటే ఏమిటి అని అడిగితే జవాబు ఎక్కడా దొరకదు. ఒక పోస్టు మీద ఒక రాత్రి కాల్పులు జరిగితే ఒకటా? అదే రాత్రి పక్కపక్కన ఐదు పోస్టుల మీద జరిగితే ఒకటా, ఐదా? సాయంత్రం మొదలై అర్ధరాత్రి ఆగి తెల్లారగట్ల మళ్లీ మొదలైతే ఎన్ని? గాలిలోకి పేల్చిన రెండు రౌండ్లు, ఒక ఊరి మీద పడిన ఇరవై మోర్టార్ గుండ్లు, రెండూ పట్టికలో ఒకే గీతగా పడతాయా?

ఈ ప్రశ్నలు సాగదీసి అడుగుతున్నవి అనిపించొచ్చు. అదే లెక్కను సంవత్సరాల వారీగా విడదీసి చూస్తే ఎందుకు అడగాలో అర్థమవుతుంది. 2018లో ఉల్లంఘనలు 2,140, చనిపోయినవాళ్లు 59 మంది. 2019లో ఉల్లంఘనలు 3,479, మరణాలు 37. 2020లో ఉల్లంఘనలు 5,133, మరణాలు 46. అంటే రెండేళ్లలో ఉల్లంఘనలు రెండింతలు దాటిపోయాయి, మరణాలు మాత్రం తగ్గాయి. ఎందుకు? జనానికి బంకర్లు అందుబాటులోకి వచ్చాయి కాబట్టా? కాల్పులు ఎక్కువసార్లు జరిగినా చిన్నవి కాబట్టా? లేక ఇంతకుముందు పట్టించుకోని చిన్న కాల్పులను కూడా రాయడం మొదలుపెట్టారు కాబట్టా? మూడూ కొంత కొంత నిజం కావచ్చు, ఏది ఎంత అన్నది ఆ అంకెలో మాత్రం లేదు. పైగా 2018కే అధికారుల మాటగా 2,936 అనే ఇంకో అంకె వార్తల్లో బాగా తిరిగింది. ఒకే ఏడాది, ఒకే దేశం, దాదాపు ఎనిమిది వందల తేడా.

ఇక అవతలివైపు సంగతి. 2020లో భారత్ మూడు వేలకు పైగా ఉల్లంఘనలకు పాల్పడిందని, 28 మంది పౌరులు చనిపోయారని పాకిస్తాన్ విదేశాంగ శాఖ ప్రకటించింది. అదే ఏడాదికి మన లెక్క 5,133. ఈ రెండు జాబితాలను పక్కపక్కన పెట్టుకుంటే ఒక విషయం స్పష్టంగా కనిపిస్తుంది: ప్రతి దేశమూ ఎదుటివాళ్ల కాల్పులనే రాసుకుంటుంది. తన వైపు నుంచి వెళ్లింది ఏదైనా సరే అది "జవాబు" ఖాతాలోకి పోతుంది కానీ "ఉల్లంఘన" ఖాతాలోకి రాదు. అప్పిచ్చినవాడి పుస్తకం, తీసుకున్నవాడి పుస్తకం ఎప్పుడూ ఎదురెదురుగా పెట్టి సరిచూసుకోకపోతే ఎలా ఉంటుందో ఇదీ అలాగే ఉంది.

రాసిన కాగితమే లేదు

అసలు చిక్కు ఇక్కడుంది. మన పత్రికలన్నీ "2003 కాల్పుల విరమణ ఒప్పందం" అని రాస్తాయి. ఒప్పందం అనగానే ఎవరికైనా మనసులో మెదిలేది సంతకాలున్న కాగితం. అలాంటి కాగితం లేదు. 2003 నవంబర్‌లో రంజాన్ పండుగ ముందు అప్పటి పాకిస్తాన్ ప్రధాని జఫరుల్లా ఖాన్ జమాలీ కాల్పుల విరమణ ప్రకటించారు, భారత్ సరేనంది, సియాచిన్‌ను కూడా కలిపి నవంబర్ 25 అర్ధరాత్రి నుంచి తుపాకులు ఆగాయి. రెండువైపులా నోటిమాట, ప్రకటనలు, అంతే. ఆ తర్వాత కొన్నేళ్లు సరిహద్దు పల్లెలు నిజంగానే ఊపిరి పీల్చుకున్నాయి, 2005 ఏప్రిల్‌లో శ్రీనగర్, ముజఫరాబాద్ మధ్య బస్సు కూడా నడిచింది, కాబట్టి ఆ నోటిమాటను తక్కువ చేయడానికి లేదు. కాకపోతే ఏ పని చేస్తే ఉల్లంఘన, ఏది చేస్తే కాదు అన్నది ఎక్కడా రాసి లేదు. కొత్త బంకర్ కడితే? కంచె బాగుచేస్తే? డ్రోన్ ఎగరేస్తే? ఎదుటివాడు కడుతున్న గోడను ఆపడానికి రెండు రౌండ్లు పేలిస్తే? నిబంధన లేనిచోట ఉల్లంఘనను లెక్కపెట్టమంటే ఎవరి లెక్క వాళ్లదే అవుతుంది.

ఇది ఎప్పుడూ ఇలాగే ఉందనుకోవద్దు. 1949 జులై 27న కరాచీలో రెండు సైన్యాల ప్రతినిధులు సంతకం చేసిన ఒప్పందంలో చాలా వివరంగా రాసుకున్నారు. కిషన్‌గంగ నదే కాల్పుల విరమణ రేఖ అయిన చోట తప్ప మిగతా అంతటా బలగాలు రేఖకు కనీసం 500 గజాల దూరంలో ఉండాలి. ఆ రేఖను ఎన్‌జే9842 అనే బిందువు దాకా వివరించి, అక్కడి నుంచి "ఉత్తరంగా హిమానీనదాల దాకా" అని వదిలేశారు. ఆ చివరి మాటను అలా వదిలేసిన ఫలితమే 1984లో మొదలైన సియాచిన్ గొడవ. కాగితం మీద ఒక్క వాక్యం సరిగ్గా రాయకపోతే ఎంత ఖరీదు పడుతుందో చూపడానికి దీన్ని మించిన ఉదాహరణ కష్టం. ఉల్లంఘన జరిగిందని ఫిర్యాదు వస్తే వెళ్లి చూసే పని ఐక్యరాజ్యసమితి సైనిక పరిశీలకులది. వాళ్ల తొలి బృందం 1949 జనవరిలోనే వచ్చింది. భారత్, పాకిస్తాన్‌లలో ఐరాస సైనిక పరిశీలక బృందం అన్నది దాని పూర్తి పేరు, అన్‌మోగిప్ అని పిలుస్తారు.

1971 యుద్ధం, 1972 జులై 2 సిమ్లా ఒప్పందం తర్వాత లెక్క మారింది. పాత కాల్పుల విరమణ రేఖ పోయి నియంత్రణ రేఖ వచ్చింది. అదే ఏడాది డిసెంబర్‌లో జమ్మూ దగ్గర సుచేత్‌గఢ్‌లో రెండు సైన్యాల అధికారులు మ్యాపుల మీద దాన్ని గీసి సంతకాలు పెట్టారు. దాదాపు 740 కిలోమీటర్లు. (ఇక్కడో మాట. మన పేపర్లలో నియంత్రణ రేఖను తరచూ "వాస్తవాధీన రేఖ" అని రాసేస్తుంటారు. అది చైనాతో ఉన్న రేఖ. నియంత్రణ రేఖకు మ్యాపులున్నాయి, సంతకాలున్నాయి, వాస్తవాధీన రేఖకు అవి లేవు. ఈ తేడా చిన్నది కాదు.) కశ్మీర్ ఇక రెండు దేశాల మధ్య వ్యవహారం కాబట్టి ఐరాస పరిశీలకుల పని అయిపోయిందని భారత్ వాదన. భద్రతా మండలి తీర్మానం చేస్తే తప్ప ఆ బృందాన్ని ఎత్తేయడం కుదరదని ఐరాస వాదన. ఫలితంగా బృందం ఇప్పటికీ ఉంది, వేసవిలో శ్రీనగర్, చలికాలంలో ఇస్లామాబాద్ కేంద్రంగా పనిచేస్తుంది. కానీ 1972 నుంచి భారత్ ఫిర్యాదులు ఇవ్వడం మానేసింది. పాకిస్తాన్ ఇస్తూనే ఉంది. అంటే ఐరాస దగ్గరున్న ఫైలులో ఒకే పక్షం గొంతు ఉంటుంది, దర్యాప్తులో ఏం తేలిందో బయటికి ఎప్పుడూ రాదు.

మూడో పక్షం వద్దనడానికి భారత్‌కు కారణాలున్నాయి, అవి తీసిపారేసేవి కావు. కానీ మూడోవాడు వద్దన్నప్పుడు ఇద్దరూ కలిసి చూసుకునే ఏర్పాటు ఉండాలి కదా, అది యాభై ఏళ్లు దాటినా తయారు కాలేదు. ఉన్నవల్లా మంగళవారం మంగళవారం సైనిక కార్యకలాపాల డైరెక్టర్ జనరళ్ల (డీజీఎంవోల) కార్యాలయాల మధ్య హాట్‌లైన్ ఫోను, పూంఛ్ దగ్గర చకన్-దా-బాగ్ లాంటి చోట్ల రెండువైపుల సైనికాధికారులు అప్పుడప్పుడు ఎదురుగా కూర్చుని మాట్లాడుకునే ఫ్లాగ్ మీటింగ్. ఇవి మంటలు ఆర్పడానికి పనికొస్తాయి, ఎన్నోసార్లు పనికొచ్చాయి కూడా. మంట ఎలా అంటుకుందో రాసిపెట్టే పని వీటిది కాదు.

చూడటానికి వెళ్లినవాళ్లకే ఏమవుతుందో 2020 డిసెంబర్ 18న తెలిసింది. పాకిస్తాన్ ఆధీనంలోని రావలకోట్ దగ్గర ఐరాస పరిశీలకుల బండి దెబ్బతింది. భారత సైన్యం కావాలని కాల్చిందని పాకిస్తాన్, అదంతా కట్టుకథ అని భారత్. ఐరాస ప్రతినిధి చెప్పిన మాట మాత్రం చాలా పొదుపుగా ఉంది: బండికి గుర్తు తెలియని వస్తువు తగిలింది, ఎవరికీ గాయాలు కాలేదు, దర్యాప్తు జరుగుతోంది. ఆ మాట విని చాలామంది విసుక్కున్నారు. నిజానికి తెలిసినంత వరకే చెప్పడం అంటే అదే. ఈ మొత్తం వ్యవహారంలో అలాంటి వాక్యాలు చాలా తక్కువ దొరుకుతాయి.

గుంత చెప్పే సాక్ష్యం

సరే, ఏ పక్షమూ కాని మనిషి ఒక ఊరికి వెళ్లాడనుకుందాం. నిన్న రాత్రి మోర్టార్ గుండు పడింది. అది ఎటునుంచి వచ్చిందో చెప్పొచ్చా? చెప్పొచ్చు, చాలావరకు. ఫిరంగి దళాల్లో దశాబ్దాలుగా నేర్పే పద్ధతి అది.

మోర్టార్ గుండు బాగా పైకి లేచి, ఏటవాలుగా కాకుండా దాదాపు నిలువుగా దిగుతుంది. పడిన చోట పైన వదులు మట్టి నిండి ఉంటుంది. దాన్ని చేత్తో నెమ్మదిగా తీసేస్తే అడుగున కాలి గట్టిపడిన చిన్న గుంత బయటపడుతుంది. చుట్టూ నేల మీద పగిలిన గుండు పెంకులు చీల్చుకుంటూ పోయిన గీతలు సూర్యకిరణాల్లా ఉంటాయి. గుండు ఎటునుంచి వచ్చిందో ఆ వైపు అంచు మీద గడ్డి కొడవలితో కోసినట్టు ఉంటుంది. అది పోతున్న వైపు అంచులో పైన గడ్డి పెళ్ల అలాగే నిలబడి ఉన్నా కింద మట్టి తొలుచుకుపోయి బోలుగా ఉంటుంది. గుండు వచ్చిన వైపు గీతల కొసలన్నీ కలుపుతూ ఒక తాడు పట్టుకుంటే అది ఇంచుమించు తిన్నగా వస్తుంది. ఆ తాడుకు అడ్డంగా, లంబంగా ఇంకో తాడు వేస్తే అదే గుండు వచ్చిన దారి. దిక్సూచి పెట్టి కోణం రాసుకోవాలి. ఇంకా అదృష్టం బాగుంటే గుంత అడుగున ఫ్యూజ్ (గుండు ముక్కున ఉండి దాన్ని పేల్చే భాగం) ముందుకు దూసుకుపోయిన చిన్న బొరియ ఉంటుంది, అందులో పుల్ల గుచ్చితే ఆ పుల్లే వచ్చిన దిక్కు వైపు వాలుతుంది. పక్కనే తోక రెక్కల ముక్క దొరికితే దాని వ్యాసం కొలిచి 81 మిల్లీమీటర్లదో, 120 మిల్లీమీటర్లదో చెప్పొచ్చు.

ఇదంతా తాజాగా ఉన్నప్పుడే. వాన పడితే గీతలు పోతాయి. ఇంటిముందు గుంత పడితే పిల్లలు పడిపోతారని ఎవరైనా సాయంత్రానికి పూడ్చేస్తారు, వాళ్లను తప్పుపట్టలేం. కొండవాలులో, మెట్ల పొలాల్లో గుంత ఆకారమే మారిపోతుంది. తోక రెక్కల ముక్కను ఎవరో గుర్తుగా ఇంటికి పట్టుకెళ్తారు. 81, 120 మిల్లీమీటర్ల మోర్టార్లు రెండు సైన్యాల దగ్గరా ఉన్నాయి కాబట్టి సైజు చూసి ఎవరిదో చెప్పేయలేం, దాని మీది అక్షరాలు, అంకెలు కూడా చూడాలి. అందుకే ఒక్క గుంత చాలదు, పక్కపక్కన మూడు నాలుగు చూసి కోణాలన్నీ ఒకే దిక్కు చూపిస్తున్నాయా లేదా పోల్చుకోవాలి.

అన్నీ కలిసొచ్చినా గుంత ఒక్క సంగతి చెప్పలేదు: ముందు ఎవరు మొదలుపెట్టారు. ఈ గుండు ఫలానా దిక్కు నుంచి వచ్చిందని గుంత చెబుతుంది. అంతకు గంట ముందు ఇవతలి నుంచి ఏమైనా వెళ్లిందా అన్నది ఆ గుంతకు తెలియదు. మొదట ఎవరన్నది తేల్చాలంటే రేఖకు రెండువైపులా నిమిషాలతో సహా రాసిన చిట్టా కావాలి. అలాంటి సమాచారం అసలు లేదనలేం. వచ్చే గుండు దారిని పసిగట్టి అది ఎక్కడి నుంచి బయల్దేరిందో చెప్పే రాడార్లు సైన్యం దగ్గరున్నాయి, మన దేశంలోనే తయారైన స్వాతి రాడార్ ఆ పనికే పెట్టింది. ఆ వివరాలు బయటపెడితే రాడార్ ఎక్కడుందో, దాని సత్తా ఎంతో తెలిసిపోతుంది కాబట్టి సైన్యం చెప్పదు. ఆ జాగ్రత్త అర్థం చేసుకోదగ్గదే. కానీ దానివల్ల అన్నిటికన్నా కచ్చితమైన సమాచారం బీరువాలో, అన్నిటికన్నా వదులైన సమాచారం హెడ్డింగుల్లో ఉండిపోతున్నాయి.

ఇంకోచోట ఎలా రాశారు

తూర్పు ఉక్రెయిన్‌లో 2014 నుంచి 2022 మార్చి దాకా ఓఎస్‌సీఈ అనే యూరప్ భద్రతా సంస్థ పరిశీలకులు పనిచేశారు. వాళ్లు చేసిన ముఖ్యమైన పని రోజూ రాసింది రోజూ అందరికీ కనిపించేలా పెట్టడం. పట్టికలో ఒక్కో గీతకు ఇన్ని గడులుండేవి: పరిశీలకుడు ఎక్కడ నిలబడి ఉన్నాడు, శబ్దం ఎంత దూరంలో, ఏ దిక్కున వచ్చింది, కళ్లతో చూశాడా, చెవులతో విన్నాడా, కెమెరాలో పడిందా, ఎన్ని పేలుళ్లు, ఏ రకం ఆయుధం, ఏ రోజు, ఎన్ని గంటలకు. ఆయుధం ఏదో తెలియకపోతే తెలియదనే రాసేవారు. ఎవరు కాల్చారని సాధారణంగా రాసేవారు కాదు. 2015 జనవరి 24న మరియుపోల్ మీద రాకెట్లు పడినప్పుడు మాత్రం గుంతలు కొలిచి అవి ఈశాన్యం నుంచి, తూర్పు నుంచి వచ్చాయని చెప్పి, ఆ ప్రాంతాలు ఎవరి చేతిలో ఉన్నాయో కూడా రాశారు.

2017లో ఆ పరిశీలకులు లెక్కపెట్టిన ఉల్లంఘనలు నాలుగు లక్షలు దాటాయి. అదే 2017లో జమ్మూకశ్మీర్ సరిహద్దులో భారత్ లెక్క వెయ్యి లోపు. అక్కడ నాలుగు వందల రెట్లు ఎక్కువ యుద్ధం జరిగిందనా దీనర్థం? అక్కడ ఒక్కో పేలుడును, ఒక్కో తుపాకీ కాల్పును విడిగా లెక్కేశారు, ఇక్కడ సంఘటనలను లెక్కేశారు. "ఒకటి" అంటే ఏమిటో ముందు చెప్పకపోతే ఏ రెండు అంకెలనూ పోల్చలేం అన్నది ఇక్కడే తేటతెల్లమవుతుంది. అంత శ్రద్ధగా రాసినా యుద్ధం ఆగలేదు, నిజమే. రాయడం యుద్ధాన్ని ఆపుతుందని ఎవరూ హామీ ఇవ్వలేరు. కానీ ఏ పట్టణంలో, ఏ నెలలో, ఏం జరిగిందన్నదానికి ఈరోజు ఒక ఆధారం ఉంది. కశ్మీర్‌లో అది లేదు. రెండు దేశాల పత్రికల వార్తలు ఏరి జాబితా తయారుచేసిన ఇండో-పాక్ కాన్‌ఫ్లిక్ట్ మానిటర్ లాంటి ప్రయత్నాలు విలువైనవే, అయితే వార్త రాని కాల్పులు అందులోకి రావు, తప్పు వార్త వస్తే తప్పే వస్తుంది.

తప్పు వార్తలు ఊరికే అనుకునేవి కావు. 2025 ఆగస్టు 5న పూంఛ్‌లో కృష్ణా ఘాటీ సెక్టార్‌లో కాల్పుల విరమణ ఉల్లంఘన జరిగిందని దేశమంతా బ్రేకింగ్ వేశారు. నియంత్రణ రేఖ వెంట ఎలాంటి ఉల్లంఘనా జరగలేదని కాసేపటికే సైన్యమే ప్రకటించాల్సి వచ్చింది. ఆ వివరణ చూసినవాళ్లెందరు? అంతకు మూడు నెలల ముందు మే నెలలో, వీడియో గేమ్ దృశ్యాలు, వేరే దేశాల పాత వీడియోలు కశ్మీర్ యుద్ధంగా వాట్సాప్‌లో మన ఇళ్ల దాకా వచ్చాయి.

మన తెలుగు పత్రికల భాష కూడా ఇందులో కొంత చేస్తోంది. "మళ్లీ తూట్లు పొడిచిన పాక్", "కవ్వింపు చర్యలు", "దీటుగా బదులిచ్చిన భారత్". ప్రతిసారీ అవే మాటలు, ఊరి పేరు మారుతుంది, అంతే. చనిపోయింది మనవాళ్లయినప్పుడు రాసేవాడికి కోపం రావడం సహజం, రావాలి కూడా. కానీ ఆ వార్తలో ఏ ఊరు, ఎన్ని గంటలకు, ఏ ఆయుధం, చెప్పిందెవరు అన్న నాలుగు ముక్కలు లేకపోతే ఆ కోపానికి ఆధారం లేకుండా పోతుంది. పదేళ్ల తర్వాత ఆ వార్త తీసి చూస్తే అందులో ఏమీ మిగలదు.

పట్వారీ ఫైలు

ఇన్నిటి మధ్య నమ్మదగిన రికార్డు ఎక్కడుందని వెతికితే అది అనుకోని చోట కనిపిస్తుంది. నష్టపరిహారం ఫైలులో. జమ్మూ జిల్లాలో ఆర్.ఎస్. పురా, ఆర్నియా, సాంబాలో రామ్‌గఢ్, కఠువాలో హీరానగర్, పైన రాజౌరీ, పూంఛ్ పల్లెలు. అక్కడివాళ్లు దీన్ని ఉల్లంఘన అనరు, "గోలాబారీ" అంటారు. గోలాబారీ ఆగిన మర్నాడు మన వీఆర్వో లాంటి పట్వారీ వస్తాడు. ఏ ఇంటి పైకప్పు ఎంత పోయింది, ఎన్ని గేదెలు చచ్చాయి, ఎవరికి ఎక్కడ పెంకు తగిలింది అని రాసుకుంటాడు. గేదె చస్తే పశువుల డాక్టర్ సర్టిఫికెట్ కావాలి, మనిషి పోతే పోస్ట్‌మార్టం, పోలీసుల ఎఫ్ఐఆర్ కావాలి. చనిపోయిన పాడిపశువుకు 30 వేలు ఉన్న పరిహారాన్ని 50 వేలు చేస్తున్నామని, ఇన్ని పశువులకే అన్న పరిమితి తీసేస్తున్నామని 2018లో కేంద్రం ప్రకటించింది. డబ్బు ఇవ్వాలి కాబట్టి ప్రభుత్వం ఊరికే నమ్మదు, డబ్బు రావాలి కాబట్టి ఇంటివాళ్లు ఏదీ వదిలిపెట్టరు. ఈ రెంటి మధ్య నలిగి వచ్చిన కాగితంలో తేదీ ఉంటుంది, సర్వే నంబర్ ఉంటుంది, సంతకాలుంటాయి.

ఆ ఫైలులో "ఎవరు మొదలుపెట్టారు" అన్న గడి లేదు. దానికి ఆ గొడవే అక్కర్లేదు. ఎక్కడ, ఎప్పుడు, ఏది పడింది, ఏం పోయింది, ఇంతే. ఆ ఫైళ్లన్నీ పేర్లు తీసేసి, ఊళ్ల వారీగా ఒకచోట చేర్చి బయట పెడితే 10,752 కన్నా ఎంతో ఎక్కువ చెబుతాయి. రేఖకు అవతల నీలం లోయలో నది పక్క రోడ్డు మీద ప్రయాణించేవాళ్లూ, కోట్లీ చుట్టుపక్కల పల్లెలవాళ్లూ ఇవే గుండ్ల కింద బతికారు, అక్కడా ఇలాంటి నష్టాలు రాసే అధికారులు ఉంటారు. రెండు ఫైళ్లలోనూ ఒకే రాత్రి తేదీ కనిపించిన చోట ఆ రాత్రి రెండువైపులా గుండ్లు పడ్డాయని ఎవరూ వాదించాల్సిన పని ఉండదు.

రికార్డు సరిగ్గా ఉంటే దానివల్ల ప్రాణాలు నిలుస్తాయి, ఇది మాట వరసకు చెబుతున్నది కాదు. 2017 చివర్లో కేంద్రం ఐదు సరిహద్దు జిల్లాలకు 14,460 బంకర్లు మంజూరు చేసింది. ఇంటికొకటి లెక్కన కట్టే చిన్న బంకర్ 160 చదరపు అడుగులు, ఎనిమిది మందికి. ఊరందరి కోసం కట్టేది 800 చదరపు అడుగులు, నలభై మందికి. ఇవి సరిహద్దుకు ఆనుకున్న పల్లెలకు. ఎక్కడ ఎక్కువ పడుతున్నాయన్న అనుభవమే ఆ జాబితాకు ఆధారం. 2025 మే 7న ఆపరేషన్ సిందూర్ తర్వాత గుండ్లు ఆ పల్లెలు దాటి పూంఛ్ పట్టణంలోనే పడ్డాయి. గురుద్వారా దెబ్బతింది, ఒక బడి వెనకాల గుండు పడి అందులో చదివే పిల్లలు చనిపోయారు. పట్టణంలో జనానికి దూరడానికి బంకర్లు లేవు. ఎప్పుడూ పడనిచోట ఎవరు కడతారు అనొచ్చు. పట్టణానికి ఎంత దగ్గరగా పడుతూ వస్తున్నాయో, ఏ సైజు గుండు ఎంత లోపలికి వచ్చిందో సంవత్సరాల వారీగా ఒక మ్యాపు మీద ఉండి ఉంటే, కనీసం ఆ ప్రశ్న ముందే ఎవరో ఒకరు అడిగేవారు.

ఆ రోజుల్లోనే నియంత్రణ రేఖ దగ్గర కాల్పుల్లో శ్రీ సత్యసాయి జిల్లా నుంచి వెళ్లిన ఒక యువ అగ్నివీర్ ప్రాణాలు కోల్పోయాడు. శవపేటిక తండాకు వచ్చిన రోజు రాష్ట్రమంతా కన్నీళ్లు పెట్టుకుంది. పార్లమెంటులో ఎప్పుడో చెప్పే మొత్తంలో అతను ఒక అంకెగా కలిసిపోతాడు. ఆ తండాలో మాత్రం అది ఏ రోజు, ఏ చోటు, ఏ క్షణం అన్నది ఎప్పటికీ ముఖ్యమే.

2021 ఫిబ్రవరి 25న రెండు దేశాల డీజీఎంవోలు కలిసి ఒక ప్రకటన ఇచ్చారు. ముందు రోజు అర్ధరాత్రి నుంచి అన్ని ఒప్పందాలనూ అవగాహనలనూ కాల్పుల విరమణనూ కచ్చితంగా పాటిస్తామని. 2018 మేలో కూడా ఇలాంటి మాటే అనుకున్నారు, అది వారం నిలవలేదు. ఇది మాత్రం నాలుగేళ్లు నిలిచింది, పహల్గామ్‌లో 26 మందిని చంపిన తర్వాత 2025 ఏప్రిల్ 24 రాత్రి నుంచి మళ్లీ తుపాకులు మోగేదాకా. మే 10 సాయంత్రం ఐదు గంటలకు ఆపుదామని మళ్లీ ఫోనులోనే అనుకున్నారు, కొన్ని గంటల్లోనే ఉల్లంఘనలు జరిగాయని ఆ రాత్రే ఒకరి మీద ఒకరు చెప్పుకున్నారు. ఈసారి కూడా ఏది ఉల్లంఘన అన్నది రాసిన కాగితం ప్రజల ముందుకు రాలేదు. 500 గజాల దూరం అని 1949లో అంత వివరంగా రాసుకోగలిగినవాళ్లు ఇప్పుడు డ్రోన్లు కూడా చేర్చి రాసుకోలేకపోవడానికి సాంకేతిక అడ్డంకి ఏదీ లేదు.

తుపాకులు ఆగాక పూంఛ్, రాజౌరీ పల్లెల్లో సైన్యం బాంబు స్క్వాడ్లు పేలని గుండ్లను వెతికి పేల్చేసే పనిలో పడ్డాయి. ఇంటికి తిరిగొచ్చేవాళ్లను తెలియని వస్తువు కనిపిస్తే ముట్టుకోవద్దని మైకులో హెచ్చరించారు. ఎన్ని గుండ్లు వచ్చాయో, ఎన్ని పేలాయో, మిగిలినవి సుమారుగా ఎక్కడున్నాయో రాసుకున్న ఊళ్లో వెతకడం తేలిక. రాయని ఊళ్లో మొక్కజొన్న విత్తడానికి నాగలి కట్టిన రైతు ప్రతి చాలు దగ్గరా ఆగి చూసుకోవాలి.